యాభైకి ఎన్ని మార్కులు ఎదిగాను?

కష్టం వచ్చి వెళ్లాక మనిషి లోపల ఎంత ఎదిగిందో కొలవడానికి పది ప్రశ్నల కాగితం ఒకటి ఉంది. ఒక్కో వాక్యం పక్కన 0 నుంచి 5 దాకా అంకెలుంటాయి, ఏదో ఒకదానికి టిక్కు పెట్టాలి. 0 అంటే ఆ మార్పు నాలో రాలేదని, 5 అంటే చాలా ఎక్కువగా వచ్చిందని. అన్నీ కూడితే గరిష్ఠం 50. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో, రేడియేషన్ అయిపోయి, జబ్బు తిరగబెట్టకుండా ఇచ్చే టామాక్సిఫెన్ మాత్రలు వేసుకుంటూ చెకప్‌లకు తిరిగే దశలో ఆ కాగితం నా చేతికీ వచ్చింది. నేను డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. ఎవరైనా అంకెలు కూడుతుంటే, దేన్ని దేనితో కూడుతున్నారో చూడకుండా ఊరుకోలేను. చూశాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన ఎదుగుదల గురించి మనకు మనం చెప్పుకునే కథే ఆ కాగితం మీద పడుతుంది. ఆ కథ వినదగ్గదే. దానికి మార్కులేసి, మొత్తం కట్టి, అదే ఎదుగుదల అనడం దగ్గరే నాకు పేచీ.

దీన్ని తయారుచేసినవాళ్లు అల్లాటప్పా మనుషులేం కారు. అమెరికాలో నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయం షార్లెట్ క్యాంపస్‌కు చెందిన సైకాలజిస్టులు రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కాల్హూన్. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రుల్లాంటి వాళ్లతో ఏళ్ల తరబడి పనిచేశారు. అంత దుఃఖంలోనూ కొందరు ‘నేను మారాను, కొన్ని విషయాల్లో మెరుగయ్యాను’ అని చెప్పడం గమనించి, 1996లో 21 ప్రశ్నల ప్రశ్నావళి ప్రచురించారు. అందులో ఐదు విభాగాలు: మనుషులతో అనుబంధం, కొత్త దారులు, సొంత బలం, ఆధ్యాత్మిక మార్పు, బతుకు విలువ తెలియడం. 2010లో ఆర్నీ కాన్ అనే పరిశోధకుడు వీళ్లిద్దరితోనూ మరికొందరితోనూ కలిసి ఒక్కో విభాగం నుంచి రెండేసి ప్రశ్నలు ఉంచి, 10కి కుదించాడు. కష్టం మంచిదని వాళ్లెక్కడా అనలేదు. కష్టంతో మనిషి పడే పెనుగులాటలోంచి ఎదుగుదల వస్తుందని, అది వచ్చినంత మాత్రాన బాధ పోవాలనేం లేదని స్పష్టంగా చెప్పారు. ఈ మాట చాలామంది మర్చిపోతారు కనక ముందే రాసి పెడుతున్నాను.

ఇక ఆ కాగితం మన ఓపీ వరండాలో ఎలా నిండుతుందో చెప్పాలి.

పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి, పాతికేళ్లుంటాయేమో, ఫైళ్లు పట్టుకుని వరసలో కూర్చున్న ఆడవాళ్ల దగ్గరికి వస్తోంది. నా పక్కన పల్నాడు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. చదువు రాదు. అమ్మాయి ఒక్కో వాక్యం చదివి వినిపించి, “ఎంత వేయమంటారు పెద్దమ్మా?” అని అడుగుతోంది. రెండు ప్రశ్నలు ఓపికపట్టిన ఆవిడ మూడోదానికి “నువ్వే ఏసెయ్ తల్లీ. కాస్త మంచి మార్కులే ఎయ్యి” అంది. “ఇవి మార్కులు కాదు పెద్దమ్మా” అని అమ్మాయి నచ్చజెప్పబోతే, “మరి డాక్టరమ్మ సూడదా ఇది?” అని తలుపు వైపు చెయ్యి చూపించింది. అమ్మాయి దగ్గర జవాబు లేదు. అబద్ధమాడే రకం కాదు ఆ అమ్మాయి, నిజంగానే ఇబ్బంది పడింది.

ఆ పెద్దావిడ అన్నదాంట్లో నవ్వాల్సిందేం లేదు. ఆరోగ్యశ్రీ కార్డు మీద వైద్యం నడుస్తున్న మనిషికి, ఆసుపత్రిలో ఎవరు ఏ కాగితం తెచ్చినా అది పరీక్షే. చదువుకున్న నా సంగతీ పెద్ద తేడా ఏం లేదు. ‘నేను అనుకున్నదానికంటే గట్టిదాన్నని తెలిసింది’ అనే వాక్యం పక్కన 1 వేయడానికి చేతులు రావు. ఏడాదిగా ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ‘నువ్వు ధైర్యవంతురాలివి’ అని ఊదరగొట్టారు. రొమ్ము క్యాన్సర్ అవగాహన నెల అని అక్టోబరు వస్తే గులాబీ రంగు చున్నీ కప్పి, వేదిక ఎక్కించి, ‘క్యాన్సర్‌ను జయించిన విజేత’ అని మైకులో పిలుస్తారు. వేదిక దిగి వచ్చిన మనిషి 1 వేస్తుందా?

ఇది మొహమాటం గొడవే అయితే, పేరు రాయొద్దంటే సరిపోయేది. అసలు చిక్కు ప్రశ్నలోనే ఉంది.

‘జీవితంలో ఏది ముఖ్యమో నా లెక్క మారింది’ అన్న వాక్యం చూడండి. దీనికి నిజాయితీగా అంకె వేయాలంటే నేను చేయాల్సిన పనులు ఇవి. జబ్బుకు ముందు నాకు ఏవి ముఖ్యంగా ఉండేవో గుర్తు తెచ్చుకోవాలి. ఇప్పుడు ఏవి ముఖ్యమో తేల్చుకోవాలి. రెండూ పోల్చి, తేడా ఎంతో లెక్కగట్టాలి. ఆ తేడాలో జబ్బు వల్ల వచ్చింది ఎంత, మిగతావాటి వల్ల వచ్చింది ఎంత అని విడదీయాలి. హోవర్డ్ టెన్నెన్ అనే సైకాలజిస్టు, ఆయన సహచరులు 2008లోనే ఈ మెలికలన్నీ విప్పి చూపించి, మామూలు మనిషి ఇదంతా చేయగలదని నమ్మడం కష్టమన్నారు. నా సంగతే తీసుకోండి. జబ్బుకు ముందూ వెనకా కలిపి ఓ నాలుగేళ్లలో నాకు వచ్చింది క్యాన్సర్ ఒక్కటే కాదు. మా అబ్బాయి ఇంటర్‌కని విజయవాడ హాస్టల్‌కి వెళ్లాడు. అత్తయ్య పోయారు. నలభై ఐదు దాటాను. కరోనా పుణ్యమా అని గోడకు పాఠం చెప్పినట్టు ఫోన్‌కి పాఠం చెప్పాను. ఇల్లు ఖాళీ అయ్యాక నా ప్రాధాన్యాలు మారాయంటే అందులో కీమో వాటా ఎంత, హాస్టల్ వాటా ఎంత? క్లాసులో పిల్లలు ఇలాంటి లెక్క తెస్తే, ‘పోల్చి చూడ్డానికి ఆ దెబ్బ తగలనివాళ్ల గుంపు, కంట్రోల్ గ్రూపేదిరా?’ అని వెనక్కి పంపిస్తాను.

పైగా పాత ‘నేను’ అక్కడే కదలకుండా కూర్చుని ఉండదు. కేథీ మెక్‌ఫార్లాండ్, సెలెస్ట్ అల్వారో అనే ఇద్దరు 2000లో చూపించింది ఇదే. దెబ్బతిన్న మనుషులు తమ పాత రూపాన్ని కాస్త తక్కువ చేసి గుర్తు చేసుకుంటారు. దాంతో ఇప్పటి రూపం ఎత్తుగా కనిపిస్తుంది. ఇది మోసమేమీ కాదు. ఇంత బాధ పడ్డాక ‘ఏమీ మారలేదు, ఊరికే పడ్డాను’ అనుకుని బతకడం ఎవరికైనా కష్టమే.

దీన్ని లెక్కల్లో పట్టుకున్నది మిన్నెసోటా విశ్వవిద్యాలయంలోని పెట్రీషియా ఫ్రేజియర్ బృందం. 2009లో వచ్చిన ఆ అధ్యయనం నాకు బాగా నచ్చింది, ఎందుకంటే తెలివి కంటే ఓపిక ఎక్కువ కావాల్సిన పని అది. 1,500 మందికి పైగా కాలేజీ విద్యార్థుల్ని ముందే అడిగారు: ఇప్పుడు మీ స్నేహాలు ఎలా ఉన్నాయి, నమ్మకం ఎలా ఉంది, బతుకు మీద తృప్తి ఎంత అని. కొన్ని వారాల తర్వాత మళ్లీ అవే అడిగారు. ఈలోగా నిజంగానే ఏదో పెద్ద దెబ్బ తిన్నవాళ్లు 122 మంది తేలారు. వాళ్లకు ‘నువ్వెంత మారావు?’ అనే ఎదుగుదల ప్రశ్నావళి కూడా ఇచ్చారు. మారామని వాళ్లు చెప్పుకున్నదానికీ, ముందు వెనక జవాబుల మధ్య నిజంగా తేలిన మార్పుకూ పొంతన అంతంత మాత్రమే. ఇంకో సంగతి కూడా బయటపడింది. నిజంగా మెరుగైనవాళ్లలో బాధ తగ్గింది. మెరుగయ్యామని చెప్పుకున్నవాళ్లలో బాధ పెరిగింది. అంటే ఎక్కువ మార్కులు వేసుకున్న మనిషి లోలోపల ఎక్కువ అల్లాడుతూ ఉండొచ్చు.

కాలేజీ పిల్లల సంగతి క్యాన్సర్‌కి వర్తిస్తుందా అని అడగొచ్చు. రొమ్ము క్యాన్సర్ మీద ఈ ప్రశ్నావళితో చాలా పని జరిగింది. 2001లో మాథ్యూ కోర్డోవా బృందం జబ్బు వచ్చి తగ్గిన ఆడవాళ్లను, అదే వయసు, అదే చదువు ఉన్న ఆరోగ్యవంతులతో పోల్చింది. ఎదుగుదల మార్కుల్లో జబ్బుపడ్డవాళ్లే ముందున్నారు. డిప్రెషన్‌లోనూ, మొత్తం మీద మనసు కుదురులోనూ మాత్రం రెండు గుంపులకీ తేడా లేదు. మరి ఆ ఎదుగుదల ఎక్కడికి పోయినట్టు? దీనికి ఎదురుగా నిలబడే సాక్ష్యమూ ఉంది, దాచను. భార్యలు చెప్పిన మార్పును భర్తల చేత కూడా అడిగి చూసిన అధ్యయనం ఒకటి వచ్చింది, చాలావరకు భర్తలు అవునన్నారు. కాబట్టి అంతా భ్రమే అనడానికి లేదు.

భర్తల్ని అడగడం అనేసరికి నాకు నవ్వొచ్చింది. మా ఆయన్ని అడిగితే నిజాయితీగానే చెబుతారు: “కోపం పెరిగిందండీ.” ఆయన దృష్టిలో అది కోపమే. తెల్లారకుండా లేచి రెండు కూరలు, పచ్చడి, చారు చేసి కాలేజీకి పరిగెత్తే మనిషిని, ఇప్పుడు ఒక కూరతో సరిపెడుతున్నాను. పిలిచిన ప్రతి పేరంటానికీ వెళ్లడం మానేశాను. వద్దనిపిస్తే వద్దంటున్నాను. నా కాగితంలో ఇది ‘కొత్త దారి’ కింద 4. ఆయన కాగితంలో ఇదే దిగజారడం. ఎదుగుదల అన్నది ఎవరి వైపు నుంచి చూస్తున్నామన్నదాన్ని బట్టి ప్లస్, మైనస్ గుర్తే మార్చుకుంటే, దాన్ని పొడవు కొలిచినట్టు కొలవడం ఎలా కుదురుతుంది?

గుర్తు అన్నాను కాబట్టి, ఈ కాగితంలో మైనస్ లేదన్న సంగతి చెప్పాలి. నన్ను బాగా ఇబ్బంది పెట్టినది చివరి వాక్యం, మనుషులు ఎంత గొప్పవాళ్లో బాగా తెలిసొచ్చిందనేది. ఎర్రగా ఉండే కీమో మందు ఎక్కించిన రాత్రి వాంతులవుతుంటే, వార్డులో ఆయా గిన్నె పట్టుకుని నిలబడి, వీపు నిమురుతూ “కక్కెయ్యమ్మా, లోపల పెట్టుకోకు” అంది. ఆమె డ్యూటీ అప్పటికే అయిపోయింది. ఇంటికి వెళ్లే ఆటో కింద ఆగి ఉంది. ఆమెకు 5 చాలదు. తర్వాత కొన్నాళ్లకు, దగ్గరి బంధువులింట్లో శుభకార్యం. అందరికీ స్టీలు గ్లాసుల్లో కాఫీ వచ్చింది, నాకు మాత్రం పేపర్ కప్పులో. పెద్ద జబ్బు కదా, అంటుకుంటుందేమోనని. అందరూ చూశారు, ఎవరూ ఏమీ అనలేదు. నేను కాఫీ తాగేశాను. ఆ పేపర్ కప్పుకు ఎంత వేయాలి? సున్నా వేస్తే ‘ఈ మార్పు రాలేదు’ అని అర్థం. కానీ మార్పు వచ్చింది, గట్టిగానే వచ్చింది, కాకపోతే కిందికి వచ్చింది. ఆయాకు 5, కప్పుకు లేని మైనస్ 5. నేను 3 వేశాను. నా 3 చూసినవాళ్లు ‘ఈమెకు మనుషుల మీద ఓ మోస్తరు నమ్మకం పెరిగింది’ అనుకుంటారు. అలాంటి మోస్తరు నమ్మకమేదీ నాలో లేదు.

ఇది ఎవరికీ తట్టని సంగతేం కాదు. 1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రగ్ రేవు బయట హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఓడ బోల్తాపడి 193 మంది చనిపోయారు. బయటపడ్డవాళ్లను మూడేళ్ల తర్వాత, బతుకు పట్ల మీ చూపు మారిందా అని అడిగితే 46 శాతం చెడ్డగా మారిందన్నారు, 43 శాతం మంచిగా మారిందన్నారు. ఆ పనిలో ఉన్న బ్రిటన్ సైకాలజిస్టు స్టీఫెన్ జోసెఫ్, సహచరులతో కలిసి 1993లో తెచ్చిన ప్రశ్నావళిలో మంచి మార్పులకూ చెడ్డ మార్పులకూ విడివిడిగా ప్రశ్నలు పెట్టాడు. 2006లో దాన్ని కుదించినప్పుడు కూడా పదిలో ఐదు అటు, ఐదు ఇటు ఉంచారు. కాగితం చిన్నది కాబట్టి చెడు అడగడానికి చోటు లేదన్న సాకు చెల్లదన్నమాట. 1996 నాటి ప్రశ్నావళి తయారుచేసినవాళ్లు కూడా తర్వాత 2008లో ప్రతి ప్రశ్నకూ ఎదురు ప్రశ్న చేర్చి, 42 ప్రశ్నలతో చూశారు. ఎదుగుదల, కుంగుదల ఒకే మనిషిలో కలిసి ఉంటాయని వాళ్లకూ తేలింది. అయినా మన వరండాల దాకా వచ్చేది మాత్రం ఎక్కువగా మంచిని మాత్రమే అడిగే పది ప్రశ్నలే.

ఇక కుదింపు లెక్క. ఇది నా సొంత రంగం కాబట్టి కాస్త సేపు ఇక్కడ ఆగుతాను. 21 ప్రశ్నల కాగితంలో మనుషులతో అనుబంధానికి 7 ప్రశ్నలుండేవి, కొత్త దారులకు 5, సొంత బలానికి 4, బతుకు విలువకు 3, ఆధ్యాత్మికానికి 2. కుదించినప్పుడు అన్నింటికీ సమానంగా రెండేసి ఇచ్చారు. పైకి న్యాయంగానే కనిపిస్తుంది. కానీ మొత్తం కట్టినప్పుడు ఏమైంది? మొదటి కాగితంలో 105కి 10గా ఉన్న దేవుడి వాటా, కుదించిన దాంట్లో 50కి 10 అయింది. పదో వంతు కూడా లేనిది ఐదో వంతైంది. మనుషుల వాటా మూడో వంతు నుంచి ఐదో వంతుకు పడిపోయింది. కాబట్టి రెండు కాగితాల ‘మొత్తం’ ఒకటే వస్తువు కాదు. విభాగాల వారీగా చూసుకునేవాళ్లకు ఈ చిక్కు రాదు. కానీ మొత్తం వాడేవాళ్లే ఎక్కువ, అదే కదా సులువు.

ఆ దేవుడి ప్రశ్నలు రెండూ మా ఇంట్లోనే బోల్తా కొడతాయి. మా అమ్మకూ ఇరవై ఏళ్ల కిందట గర్భాశయం ఆపరేషన్ అయి, చావు తప్పి కన్ను లొట్టపోయింది. ‘దేవుడి మీద నమ్మకం పెరిగిందా?’ అని అడిగితే ఆవిడ “ఇదివరకు తక్కువైతేగా పెరగడానికి?” అంటుంది. నిజమే. పొద్దున్నే విష్ణుసహస్రనామం చదవనిదే కాఫీ ముట్టని మనిషికి పెరగడానికి చోటెక్కడుంది? ఆవిడకు 0. మా కాలేజీలో ఒక హేతువాది మాస్టారున్నారు, గుండె ఆపరేషన్ అయింది. విజయవాడ నాస్తిక కేంద్రానికి కుర్రతనం నుంచీ వెళ్లొస్తున్న మనిషి. ఆయనకూ 0. నిండు భక్తురాలూ, నికార్సయిన నాస్తికుడూ ఈ కాగితం దృష్టిలో ఒకే చోట ఆగిపోయారు, చెరో పది మార్కులు పోగొట్టుకుని! ఈ విభాగం ఇరుకుగా ఉందని తయారుచేసినవాళ్లే గుర్తించి, 2017లో బతుకు అర్థం గురించిన నాలుగు ప్రశ్నలు చేర్చి 25 చేశారు. మంచిదే. నా చేతికొచ్చిన చిన్న కాగితానికి ఆ మేలు అందలేదు.

కుదింపులో రాలిపోయినవాటి జాబితా చూస్తే ఒకచోట నా చూపు ఆగిపోయింది. నాకు ఇతరుల సాయం అవసరమని ఒప్పుకోగలుగుతున్నాను అనే అర్థం వచ్చే వాక్యం పాత కాగితంలో ఉంది. కళ్లు మూసుకుని 5 వేసేదాన్ని. ఎందుకంటే అది నాకు నిజంగా కొత్త. పుట్టి బుద్ధెరిగాక ఎవర్నీ గ్లాసుడు నీళ్లు అడిగిన పాపాన పోలేదు. కీమోకి రక్తకణాల కౌంట్ పడిపోయి మంచం దిగలేని వారం, మా డిపార్ట్‌మెంట్ అమ్మాయికి ఫోన్ చేసి, “బార్లీ నీళ్లు కాచి తెస్తావామ్మా?” అని అడగడానికి గంటసేపు ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు అడగడం వచ్చు. నాలో జరిగిందని నేను ఒట్టేసి చెప్పగలిగిన మార్పు అదొక్కటే. చిన్న కాగితంలో దానికి చోటు లేదు.

ఇంకో తమాషా ఉంది. ఏడాది తర్వాత ఆ అమ్మాయే రెండోసారి అదే కాగితం ఇచ్చింది. ‘గట్టిదాన్నని తెలిసింది’ దగ్గర మొదటిసారి 5 వేసినదాన్ని ఈసారి 2 వేశాను. నీరసపడ్డానా? కాదు. తెలిసి చాలా రోజులైంది, ఇప్పుడదొక వార్తేం కాదు. మార్పు ఒంటికి పట్టి అలవాటైపోతే అది మార్పులా అనిపించదు. కానీ ఆ అమ్మాయి కంప్యూటర్‌లో నా గీత కిందికి దిగి ఉంటుంది.

ఇంత చెప్పాక, అసలు కాగితాలే వద్దంటున్నానా అంటే, అనడం లేదు. కీమో నడుస్తున్న మనిషికి పేజీల కొద్దీ ప్రశ్నలు ఇవ్వడం హింస. చిన్న కాగితం అక్కడ దయే. వందల మందిని గుంపులుగా పోల్చే పరిశోధనకు కుదించిన ప్రశ్నావళి కూడా పెద్దదానిలాగే నిలకడగా పనిచేస్తుందని కాన్ బృందం చూపించింది, అందులో నాకు తగవు లేదు. గుంపుకు పనికొచ్చిన అంకెను ఒక్క మనిషి ఫైలులో పెట్టి, ఆమె గురించి తీర్పు చెప్పడం మొదలుపెట్టినప్పుడే గొడవ. డిప్రెషన్ కోసం వాడే తొమ్మిది ప్రశ్నల కాగితం, పీహెచ్‌క్యూ-9, ఎందుకు ఫరవాలేదనిపిస్తుందంటే, అది గత రెండు వారాల సంగతే అడుగుతుంది. నిద్ర పట్టిందా, తిండి సయించిందా, చచ్చిపోతే బాగుండునని అనిపించిందా. పాత ‘నేను’ను తవ్వి తీయక్కర్లేదు, కారణం పంచిపెట్టక్కర్లేదు. ఎదుగుదలనూ అలాగే అడగొచ్చు. ఇప్పుడు మీకు ఎంతమంది దగ్గరివాళ్లున్నారు, సాయం అడగగలరా అని వైద్యం మొదలైనప్పుడొకసారి, ఏడాదికొకసారి అడిగి, తీసివేత లెక్క మీరు చేసుకోండి. ఆ లెక్క మా చేత చేయించకండి. జబ్బుకు ముందు సంగతి అప్పటికీ దొరకదు, ఒప్పుకుంటాను, అయినా ఊహ మీద కట్టిన తీసివేత కంటే నయం.

రెండోసారి కాగితం ఇచ్చినప్పుడు ఆ అమ్మాయితో ఇదంతా చెప్పాను, పాపం శ్రద్ధగా విని రాసుకుంది. ‘మొత్తం’ అని ఉన్న గడి తీసేయమని, ప్రతి ప్రశ్నకూ కింది వైపు కూడా అంకెలు పెట్టమని, వెనక పేజీలో ‘ఏం మారింది, ఏం పోయింది, మీ మాటల్లో చెప్పండి’ అని రాసి చోటు వదలమని చెప్పాను. ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లకు కూడా తప్పకుండా ఆ తొమ్మిది ప్రశ్నలు అడగమన్నాను. స్కాన్ రిపోర్టు కోసం ఎదురుచూసే వారంలో నాకు నిద్ర పట్టదు, అన్నం దిగదు, ఆ టెన్షన్ మా ఇంట్లో కుక్కపిల్లకు కూడా తెలుసు. మొదటిసారి ఆ కాగితంలో నాకు వచ్చిన మొత్తం చూస్తే మాత్రం ఎవరూ నమ్మరు. కొన్నాళ్లకు ఆ అమ్మాయి ఫోన్ చేసింది. వాళ్ల గైడు వెనక పేజీకి ఒప్పుకున్నారట. వరండాలో ఆడవాళ్లు పేజీ చాలక పక్కల్లో కూడా చెప్పి రాయించుకుంటున్నారట. అయితే ఆ జవాబులు థీసిస్ చివర అనుబంధంలో పెట్టుకోవాలట, విశ్లేషణకు మాత్రం మొత్తం స్కోరే వాడాలట.